ఎకో కాగితంలోని అంకెలు – గుండెలో రక్తప్రవాహపు కొలత

మీ ఇంట్లో పెద్దవారికి ఆయాసం వచ్చిందనుకోండి. వైద్యుడు పరీక్షించి, గుండెకు ఎకో చేయించమంటారు. గంట గడిచేసరికి మీ చేతికి ఒక కాగితం వస్తుంది. అందులో సెకనుకు ఇన్ని మీటర్ల వేగం, ఇన్ని మిల్లీమీటర్ల పీడనభేదం, ఇంత శాతం అంటూ పది పన్నెండు అంకెలుంటాయి. వాటికి దిగువన ఒక వాక్యం ఉంటుంది. చాలామంది అంకెలను దాటిపోయి ఆ చివరి వాక్యం చదువుతారు. కొందరు ఊపిరి పీల్చుకుంటారు, కొందరు దిగులు పడతారు.

ఆ అంకెలు ఎలా పుడతాయో, ఎక్కడ పొరపడతాయో మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ పాఠాన్ని నేను నా రోగిని ఒకరిని పోగొట్టుకొని నేర్చుకున్నాను.

కాలువ గట్టున చూసిన లెక్క

గోదావరి డెల్టాలో ఒక శివారు గ్రామం మాది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద బయలుదేరిన నీరు అందరి పొలాలూ తడిపి ఆఖరున మా ఊరికి చేరేది. కాలువ మొదట్లో నీరు గట్లొరసి పారుతున్నా మా బోదెలో చీలమండ మునగని సంవత్సరాలు నాకు గుర్తున్నాయి. రైతులు వెళ్ళి మొర పెట్టుకుంటే లస్కరు వచ్చి నీటిని కొలిచేవాడు. గట్టు వెంట కొంత దూరంలో రెండు గూటాలు పాతేవాడు. ఎండిన కొబ్బరి డొక్కను నీటి నడుమ పడవేసి, అది మొదటి గూటం దాటి రెండవ గూటం చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూసేవాడు. కాలువ వెడల్పును లోతుతో హెచ్చవేసి, వచ్చిన వైశాల్యాన్ని నీటి వేగంతో హెచ్చవేస్తే ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో తేలుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు.

డొక్క గట్టువైపుకు కొట్టుకుపోతే లస్కరు ఆ లెక్కను వదిలేసి మళ్ళీ వేసేవాడు. గట్టు దగ్గర నీరు మందగిస్తుంది కనుక అక్కడి వేగాన్ని కాలువంతటికీ వర్తింపజేస్తే లెక్క తప్పుతుందని మా నాన్నగారు చెప్పేవారు. "నీళ్ళు కనబడితే చాలదురా, పారాలి" అని కూడా ఆయనే అనేవారు. నేను వైద్యుణ్ణి అయిన చాలాకాలానికి గాని ఈ రెండు మాటల విలువ నాకు తెలియలేదు.

మాస్టారి కథ

1993లో నేను డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఒక ఉదయం అరవై రెండేళ్ళ మాస్టారు తన భార్యను వెంటబెట్టుకొని వచ్చారు. ఆయన ఉద్యోగ విరమణ చేసినా సాయంత్రాలు ఇంటి అరుగు మీద పిల్లలకు లెక్కలు చెబుతూ ఉండేవారు. కొన్ని నెలలుగా నాలుగడుగులు వేగంగా వేస్తే ఆయాసం వస్తున్నదట. వారం కిందట రైలందుకోవాలని స్టేషనులో వంతెన మెట్లు ఎక్కుతూ స్పృహ తప్పి కూలబడ్డారట.

నేను ఆయన మెడ పక్కనున్న నాడి మీద వేళ్ళు పెట్టాను. అది ఆలస్యంగా, మెల్లగా, బలహీనంగా తగిలింది. రొమ్ముటెముకకు కుడిపక్కన స్టెతస్కోపు పెడితే గరగరమనే మర్మర శబ్దం వినబడింది. అది మెడలోకి కూడా పాకింది. కవాటం మూసుకొన్నప్పుడు వినిపించవలసిన రెండవ శబ్దం దాదాపు లేదు. ఎడమ జఠరికకూ బృహద్ధమనికీ నడుమ ఉండే కవాటం బాగా ఇరుకైపోయిందని చెప్పడానికి ఈ మూడు చిహ్నాలూ చాలు. ఈ వ్యాధిని బృహద్ధమని కవాట సంకీర్ణత అంటారు. వయస్సు పైబడినవారిలో కవాటపు రేకుల మీద కాల్షియం పేరుకొని అవి గట్టిపడడం దీనికి ముఖ్య కారణం. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వలన, పుట్టుకతో కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉండడం వలన కూడా ఇది కలుగుతుంది.

మా ఆసుపత్రిలో ఎకో యంత్రం లేదు. నగరంలో చేయించుకొని రమ్మని చీటీ రాసి ఇచ్చాను. వారు అప్పు చేసి పరీక్ష చేయించుకొని పదిరోజులకు తిరిగి వచ్చారు. కవాటం గుండా రక్తపు వేగం సెకనుకు 3 మీటర్లు, పీడనభేదం 36 మిల్లీమీటర్లు, సంకీర్ణత మధ్యస్థం అని కాగితం చెప్పింది. ఆ మాట నిజమైతే శస్త్రచికిత్సకు తొందర లేదు.

నా వేళ్ళు ఒక మాట చెప్పాయి, కాగితం మరొక మాట చెప్పింది. నేను కాగితాన్ని నమ్మాను. లక్షల ఖరీదు చేసే యంత్రం ముందు నా వేళ్ళెంత అనుకొన్నాను. "కంగారు లేదు మాస్టారూ, ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం" అని మందులు రాసి పంపాను. దేశంలో కవాట మార్పిడి శస్త్రచికిత్సలు అప్పటికే జరుగుతున్నాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో మన దేశంలోనే తయారైన కృత్రిమ కవాటాన్ని 1990లో మొదటిసారి రోగికి అమర్చారు. మాస్టారిని పంపించడానికి చోటు లేక కాదు, పంపవలసిన అవసరం లేదని నేను తీర్మానించుకోవడం వలన ఆయన ఇంటికి వెళ్ళిపోయారు.

నాలుగవ నెలలో, కార్తీక మాసపు ఒక తెల్లవారుజామున, కాలువలో స్నానం చేసి రేవు మెట్లు ఎక్కుతూ ఆయన పడిపోయారు. మళ్ళీ లేవలేదు.

కుటుంబ పింఛను కాగితాల మీద సంతకం కోసం ఆయన భార్య కొన్ని వారాల తరువాత ఆసుపత్రికి వచ్చారు. నన్ను ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "మీరు పరవాలేదన్న రోజు రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు బాబూ" అన్నారు. ఆ మాట విని ముప్పై ఏళ్ళు దాటింది.

అంకె ఎక్కడ తప్పింది?

రెండేళ్ళ తరువాత ఎకో పరీక్షలో శిక్షణకు నన్నొక బోధనాసుపత్రికి పంపారు. అక్కడ ఒక పెద్దావిడ, గుండె వైద్య నిపుణురాలు, ఇదే వ్యాధి ఉన్న ఒక రైతును పరీక్షిస్తున్నారు. గుండె కొన దగ్గర ప్రోబు పెట్టినపుడు వేగం 3 మీటర్లకు కొంచెం పైన చూపించింది. నేను రాసుకోబోయాను. ఆవిడ ఆగమని, ఆ రైతును కుడిపక్కకు తిరిగి పడుకోమన్నారు. ప్రోబును రొమ్ముటెముకకు కుడిపక్కన, పక్కటెముకల సందులో పెట్టారు. అదే మనిషిలో, అదే కవాటంలో, అయిదు నిమిషాల తేడాతో వేగం 4 మీటర్లు దాటింది. నాకు మాస్టారు గుర్తుకు వచ్చారు.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని క్రిస్టియన్ డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో ప్రాగ్ నగరంలో ప్రకటించాడు. మీరు రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఆగకుండా పోయే రైలు కూతను గమనించే ఉంటారు. రైలు మీ వైపుకు వస్తున్నప్పుడు కూత స్థాయి హెచ్చుగా ఉంటుంది, దాటిపోగానే తగ్గుతుంది. 1845లో హాలండ్ దేశంలో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త రైలుబండి మీద బూర ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన సంగీతజ్ఞులను నిలబెట్టి, ఈ తేడా నిజమేనని నిరూపించాడు.

ఎకో యంత్రం మన చెవికి వినబడని శ్రవణాతీత తరంగాలను గుండెలోకి పంపుతుంది. అవి కదులుతున్న ఎర్రకణాలను తాకి వెనుకకు వస్తాయి. పంపిన తరంగాల పౌనఃపున్యానికీ తిరిగి వచ్చిన తరంగాల పౌనఃపున్యానికీ గల తేడాను బట్టి రక్తపు వేగాన్ని యంత్రం గణిస్తుంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు 1953లో శ్రవణాతీత తరంగాలతో గుండె కదలికలను పట్టుకొన్నారు. 1970లలో నార్వే దేశపు వైద్యురాలు లివ్ హాట్లె, ఆమె సహచరులు డాప్లర్ వేగం నుంచి కవాటానికి ఇరువైపులా ఉన్న పీడనభేదాన్ని గణించే పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. అంతకు ముందు ఆ అంకె కావాలంటే రోగి గుండెలోకి గొట్టం పంపవలసి వచ్చేది.

ఆ గణన చాలా తేలిక. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో హెచ్చవేస్తే పీడనభేదం మిల్లీమీటర్లలో వస్తుంది. వేగం సెకనుకు 4 మీటర్లయితే వర్గం 16, పీడనభేదం 64 మిల్లీమీటర్లు. 4 మీటర్లు, అంతకు మించిన వేగం ఉంటే సంకీర్ణత తీవ్రమైనదని లెక్క.

అయితే రైలు మీకు ఎదురుగా వస్తేనే కూతలో తేడా పూర్తిగా తెలుస్తుంది. మీ ముందు అడ్డంగా పోతున్న క్షణంలో తేడా ఉండదు. రక్తమూ అంతే. తరంగాలు ప్రవాహానికి ఎదురుగా పోతే అసలు వేగం తెలుస్తుంది. 20 డిగ్రీలు ఓరగా పోతే వేగం 6 శాతం తక్కువగా కనబడుతుంది. 40 డిగ్రీలయితే 23 శాతం, 60 డిగ్రీలయితే సగానికి సగం తగ్గుతుంది. 4 మీటర్ల వేగాన్ని 40 డిగ్రీలు ఓరగా కొలిస్తే యంత్రం 3 మీటర్లకు కాస్త పైన చూపిస్తుంది. దానిని వర్గం చేసి హెచ్చవేస్తే 64కు బదులు సుమారు 38 వస్తుంది. మాస్టారి కాగితం మీద ఉన్నది 36.

ఇరుకైన కవాటం నుంచి రక్తం సన్నని ధారగా చిమ్ముతుంది. ఆ ధార ఎటు తిరిగి ఉంటుందో బయటి నుంచి చూసి చెప్పలేము. అందువలన గుండె కొన దగ్గర, రొమ్ముటెముకకు కుడిపక్కన, మెడ గుంటలో, ఇలా అనేక స్థానాల నుంచి కొలిచి వాటిలో గరిష్ఠమైన వేగాన్నే తీసుకోవాలి. లస్కరు డొక్కను మళ్ళీ మళ్ళీ వేసినట్లే ఇదీ.

కవాటం ఎంత తెరచుకొంటున్నది?

వేగం ఒక్కటే చాలదు. లస్కరు లెక్కలో వైశాల్యం కూడా ఉన్నదని మరువకండి. కవాటానికి దిగువన ఎడమ జఠరిక నుంచి రక్తం బయటకు పోయే మార్గపు వ్యాసం 2 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. ప్రతి స్పందనలో అక్కడి రక్తం 20 సెంటీమీటర్లు ముందుకు సాగితే స్పందనకు సుమారు 63 మిల్లీలీటర్ల రక్తం బయటకు పోతున్నట్లు. నిమిషానికి 70 స్పందనలైతే ఇది 4.4 లీటర్లు.

ఆ 63 మిల్లీలీటర్లూ కవాటం గుండానే పోవాలి. ఇరుకైన తూములో నీరు వడి అందుకొన్నట్లు రక్తం ఇక్కడ వేగం పుంజుకొని, అదే వ్యవధిలో 80 సెంటీమీటర్లు సాగిందనుకొందాం. 63ను 80తో భాగిస్తే 0.79 వస్తుంది. కవాటం 0.79 చదరపు సెంటీమీటర్ల మేరకే తెరచుకొంటున్నదన్నమాట. ఆరోగ్యవంతుల్లో ఇది 3 నుంచి 4 వరకు ఉంటుంది. 1 కంటె తక్కువైతే తీవ్ర సంకీర్ణత కింద లెక్క. ఈ గణనలో కూడా ఒక చిక్కున్నది. 2 సెంటీమీటర్ల వ్యాసాన్ని 1.8 అని కొలిస్తే, వ్యాసాన్ని వర్గం చేస్తాము గనుక, ప్రవాహం 19 శాతం తక్కువగా తేలుతుంది.

గుండె కండరం నీరసించినవారిలో మరొక మోసం ఉన్నది. కాలువలో నీరే తక్కువైతే తూము ఎంత ఇరుకైనా వడి ఉండదు. అలాగే బలహీనమైన గుండె కొద్ది రక్తాన్నే తోస్తుంది గనుక కవాటం ప్రమాదకరంగా ఇరుకైనా వేగం, పీడనభేదం తక్కువగానే కనబడతాయి. అటువంటివారికి డోబుటమిన్ అనే మందును సన్నగా ఎక్కిస్తూ ఎకో చేస్తారు, లేదా సీటీ స్కానుతో కవాటం మీద పేరుకొన్న కాల్షియాన్ని కొలుస్తారు. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారిలో, గర్భిణులలో, థైరాయిడ్ గ్రంథి అధికంగా పనిచేసేవారిలో రక్తం వడిగా ప్రవహిస్తుంది. అప్పుడు కొద్దిపాటి ఇరుకుదనం కూడా అసలు కంటె పెద్దదిగా కనిపించవచ్చు.

మాస్టారి గుండె బలహీనంగా ఉన్నదో, ప్రోబు ఓరగా నిలిచిందో ఈనాడు తేల్చడానికి ఆధారం లేదు. ఆ పరీక్ష చేసినవారిని నేను తప్పు పట్టను. ఆయన మెడ మీద వేళ్ళు పెట్టినవాడిని నేను.

హృద్ధమనులలో ప్రవాహం

గుండె కండరానికే రక్తాన్ని అందించే హృద్ధమనుల విషయంలో ఈ పొరపాటు మరొక రూపంలో కనబడుతుంది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుని పరీక్షలో రంగు ద్రవం పొరపాటున ఒక హృద్ధమనిలోకి పోయింది. యాంజియోగ్రామ్ పరీక్షకు అదే నాంది. ఆ పరీక్ష నాళపు నీడను చూపిస్తుంది. నీడలో నాళం 60 శాతం ఇరుకైనట్లు కనబడితే, కండరానికి రక్తం చాలడం లేదని అర్థమా?

కావచ్చు, కాకపోవచ్చు. 1974లో లాన్స్ గౌల్డ్, ఆయన సహచరులు జంతువులపై చేసిన ప్రయోగాలలో నాళపు వ్యాసం సుమారు 85 శాతం ఇరుకయ్యే వరకు విశ్రాంతిలో రక్తప్రవాహం తగ్గలేదు. కాని అధిక ప్రవాహం కావలసినపుడు మాత్రం సగం ఇరుకైన నాళంలోనే కొరత మొదలయింది. కూర్చున్నప్పుడు బాగుండే మనిషికి మెట్లెక్కితే గుండెనొప్పి రావడానికి కారణం ఇదే.

అందువలన ప్రవాహాన్నే పరిశీలించే పరీక్షలు వచ్చాయి. టెక్నీషియం వంటి రేడియోధార్మిక పదార్థాన్ని సూది ద్వారా ఎక్కించి, విశ్రాంతిలోనూ శ్రమలోనూ కండరంలో ఏ భాగానికి అది తక్కువగా చేరుతున్నదో కెమెరాతో చూస్తారు. పెట్ స్కాను ఇంకొక అడుగు ముందుకు వేసి, గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతున్నదో అంకెలలో చెబుతుంది. ఎమ్మారై స్కానులో కూడా కండరంలోకి రక్తం చేరడాన్ని చూడవచ్చు. యాంజియోగ్రామ్ చేస్తున్నపుడే సన్నని తీగను ఇరుకుకు అవతలకు పంపి, రక్తనాళాలను విప్పే మందు ఇచ్చి, అవతలి పీడనాన్ని ఇవతలి పీడనంతో భాగించే పద్ధతి కూడా ఉన్నది. దానిని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. ఆ నిష్పత్తి 0.80, అంతకు తక్కువ అయితే ఆ ఇరుకు ప్రవాహానికి అడ్డుపడుతున్నదని సాధారణంగా భావిస్తారు.

2009లో ప్రచురితమైన ఫేమ్ అనే అధ్యయనంలో ఒకటి కంటె ఎక్కువ నాళాలలో ఇరుకున్న 1,005 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి యాంజియోగ్రామ్ నీడను బట్టి, రెండవ వర్గానికి ఎఫ్ఎఫ్ఆర్ కొలతను బట్టి స్టెంటులు వేశారు. రెండవ వర్గానికి తక్కువ స్టెంటులు పట్టాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్ళీ చికిత్స అవసరం కావడం వంటివి మొదటి వర్గంలో 18.3 శాతానికి, రెండవ వర్గంలో 13.2 శాతానికి జరిగాయి.

రెండేళ్ళ కిందట నా సీటీ యాంజియోగ్రామ్‌లోనే ఒక నాళంలో 60 శాతం ఇరుకు కనబడింది. మా అబ్బాయి వెంటనే స్టెంటు వేయించుకోమని పట్టుబట్టాడు. నేను ముందు ప్రవాహాన్ని కొలిపించుకొన్నాను. నిష్పత్తి 0.87 వచ్చింది. స్టెంటు లేకుండా, కొలెస్టరాల్ మందుతో, ఉదయపు నడకతో సాగుతున్నాను. నీడను చూసి కంగారు పడడం, చిన్న అంకెను చూసి నిశ్చింతగా ఉండడం, రెండూ కొలతను తెలుసుకోని తొందరపాట్లే.

ఒక హెచ్చరిక. ఇదంతా నిలకడగా ఉన్న రోగులకు వర్తిస్తుంది. ఛాతీ మధ్యలో బరువుతోనో బిగుతుతోనో నొప్పి వచ్చి తగ్గకపోతే, చెమటలు పడితే, అది గుండెపోటు కావచ్చు. అప్పుడు ఈ లెక్కల గురించి ఆలోచించక 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళాలి.

మీరు చేయవలసినవి

ఎకో పరీక్షకు వెళ్ళినపుడు పాత కాగితాలన్నీ వెంట తీసుకువెళ్ళండి. ఏడాదిలో వచ్చిన మార్పు ఒక్కొక్కసారి ఆ రోజు అంకె కంటె ఎక్కువ చెబుతుంది. పరీక్ష సమయంలో రక్తపీడనం ఎంత ఉన్నదో కాగితం మీద రాయించుకోండి, అది అధికంగా ఉన్నపుడు కొలతలు మారిపోతాయి. కవాట సంకీర్ణత ఉన్నదంటే వేగాన్ని ఎన్ని స్థానాల నుంచి కొలిచారో మర్యాదగా అడగండి. మంచి నిపుణులు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

అన్నిటికంటె ముఖ్యం, మీ బాధకూ కాగితానికీ పొత్తు కుదరకపోతే ఊరుకోవద్దు. మెట్లెక్కుతూ స్పృహ తప్పడం, నడిస్తే ఛాతీలో నొప్పి, రోజురోజుకూ పెరిగే ఆయాసం ఉన్న మనిషికి "మధ్యస్థం" అనే మాట సమాధానం కాదు. పరీక్ష మళ్ళీ చేయించండి, మరొకచోట చేయించండి. తీవ్ర సంకీర్ణతలో ఇటువంటి లక్షణాలు మొదలైన తరువాత కవాటం మార్చకపోతే చాలామంది కొద్ది సంవత్సరాలకు మించి బతకరు. ఇప్పుడు ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం ద్వారా కూడా కవాటాన్ని అమర్చగలుగుతున్నారు. వయస్సు మీరినదని వెనుకాడవలసిన అవసరం మునుపటంత లేదు.

ఇప్పటికీ మా వీధివారు ఎకో కాగితాలు తెచ్చి నాకు చూపిస్తూ ఉంటారు. నేను కాగితాన్ని బల్ల మీద పెట్టి, ముందు వారి మెడ మీద వేళ్ళు వేసి నాడి చూస్తాను. స్టెతస్కోపుతో గుండెను వింటాను. ఆ తరువాతే అంకెలు చదువుతాను. మీ వైద్యుడు కాగితం ఒక్కటే చూసి మాట్లాడితే, ఒకసారి మిమ్మల్ని కూడా పరీక్షించమని అడగండి.